కత్తికి పేరు, కుండకు మసి

దమాస్కస్ కత్తి గురించి వినని చదువరి ఉండడు. ఆ కత్తికి ఉక్కు పోసిన మట్టి మూస సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి తాను కరగకూడదు, పగలకూడదు, లోపలున్న లోహాన్ని చెడగొట్టకూడదు. అలాంటి పాత్ర చేతికి వచ్చాకే మనిషికి కరిగించిన ఉక్కు చిక్కింది. ఇనుప రాయి భూమ్మీద కావలసినంత ఉంది, బొగ్గూ ఉంది. ఈ రెంటినీ కలిపి ఉడికించే గిన్నె దగ్గరే అసలు కష్టం. ఈ విశేషాల్లో కత్తుల కంటే కుండలకూ ఇటుకలకూ ఎక్కువ చోటిచ్చింది అందుకే.

చోటు విషయానికొస్తే, ఈ విశేషాలు ఎక్కువగా తిరిగేది కోయంబత్తూరు, సేలం, మదురై, శివగంగల్లో. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టాక ఈ నేల చాలా భాగం తెలుగు నాయకుల ఏలుబడిలో ఉంది. విజయనగర సైన్యాల వెంట వచ్చిన తెలుగువాళ్లు కొందరు, ఆ తర్వాత నల్లరేగడి వెతుక్కుంటూ వచ్చినవాళ్లు మరికొందరు. వాళ్ల పిల్లల పిల్లలు ఇప్పటికీ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతున్నారు. ఉక్కుకు కావలసిన సరుకుల్లో వింతైనవి చాలావరకు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి.

అన్నిటికన్నా పాత ఇనుము

2025 జనవరి 23న తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ఒక నివేదిక విడుదల చేశారు. తూత్తుకుడి జిల్లా శివగళైలో ఇనుప వస్తువులతోపాటు దొరికిన నమూనాల్లో అతి పాతదాని తేదీ క్రీ.పూ. 3345 అని అందులో ఉంది. ఇది నిలబడితే ప్రపంచ ఇనుప యుగం చరిత్ర తిరగరాయాలి. నిలబడుతుందా అన్నది మరిన్ని తవ్వకాలు తేల్చాలి. ఒక చోటి తేదీని చూసి భుజాలు చరుచుకోవడమూ, తమిళనాడు వాళ్లు చెప్పారు కాబట్టి కొట్టిపారేయడమూ రెండూ తొందరపాటే.

నాకు అంతకన్నా ఆసక్తి కలిగించేది సేలం జిల్లాలో మేట్టూరు దగ్గర తెలుంగనూరులో దొరికిన కత్తి. దాని కాలం క్రీ.పూ. 15–13 శతాబ్దాల మధ్య అంటున్నారు. అది ఉత్త ఇనుము కాదు, కర్బనం బాగా పట్టిన ఉక్కు. ఇనుము దొరకడం ఒక ఎత్తు, అందులోకి కర్బనం ఎక్కించడం మరో ఎత్తు.

నొయ్యల్ ఒడ్డున కొలిమి

పాత కోయంబత్తూరు జిల్లాలో, ఇప్పటి ఈరోడ్ జిల్లాలో, నొయ్యల్ నది ఒడ్డున కొడుమణల్ అనే ఊరుంది. సంగం కవిత్వంలో దాని ప్రస్తావన ఉంది. 1985 నుంచి విడతలు విడతలుగా జరిగిన తవ్వకాల్లో ఒకవైపు రత్నాలు సానపట్టిన ఆనవాళ్లు, మరోవైపు ఇనుప చిట్టెం, కొలుములు, మూస ముక్కలు బయటపడ్డాయి. ఇదంతా రెండు వేల ఏళ్లకు పైబడిన ముచ్చట. పడమటి తీరం నుంచి పాలక్కాడ్ కనుమ మీదుగా కరూరు వెళ్లే బాట మీద ఊరుంది కాబట్టి రోము సరుకూ ఇక్కడికి చేరింది.

ఈ ఊరి విశేషం ఇనుము ఒక్కటే కాదు. దగ్గర్లోని శివన్‌మలై రాళ్లలో కురువిందం దొరుకుతుంది. అంటే అల్యూమినా, 2,072 డిగ్రీల దాకా కరగని పదార్థం. నేటి కొలిమి ఇటుకల్లో మేలురకాలకు అదే ప్రాణం. కొడుమణల్ వాళ్లు దాన్ని రత్నాలకు వాడుకున్నారు. కొలిమికి మట్టి చాలనుకున్నారు. మట్టితోనే పని జరిగిపోయింది కూడా.

ప్రపంచంలో అతి చిన్న ఉక్కు కర్మాగారం

ఈ బిరుదు నేనిస్తున్నది ఒక్కో మూసకు అర పౌను నుంచి రెండు పౌన్ల దాకా ఇనుము పట్టే సేలం ప్రాంతపు కొలిమికి. జోసయ్య మార్షల్ హీత్ అనే ఇంగ్లీషు ఆయన దీన్ని కళ్లారా చూసి 1839లో రాసిపెట్టాడు. ముందు నాలుగడుగుల ఎత్తు మట్టి కొలిమిలో మేకతోలు తిత్తులతో ఊది ఇనుప ముద్ద తీస్తారు. దాన్ని ముక్కలు చేసి మూసలో వేస్తారు. ఇనుము బరువులో పదో వంతు ఎండు తంగేడు పుల్ల కలుపుతారు. పైన ఒకటో రెండో పచ్చి జిల్లేడాకులు కప్పి, నాన్చి పిసికిన మట్టితో మూతి మూసేస్తారు. ఇలాంటి మూసలు ఇరవై నుంచి ఇరవై నాలుగు కొలిమిలో కమానులా పేర్చి, బొగ్గు కప్పి రెండున్నర గంటలు ఊదుతారు. చల్లారాక మూస పగలగొడితే లోపల ఉక్కు గడ్డ.

తంగేడే ఎందుకు? జిల్లేడే ఎందుకు? తంగేడు పుల్ల బొగ్గై కర్బనాన్ని ఇస్తుంది. పచ్చి ఆకు ఆవిరై మూసలోని గాలిని తరిమి, కర్బనం కలిసిన వాయువును నింపుతుంది. హీత్ ఇక్కడ ఒక చురక వేశాడు. ఇనుమును బొగ్గుతో మూసలో కరిగించి ఉక్కు చేసే పద్ధతికి ఇంగ్లండులో మషెట్ అనే ఆయన 1800లో పేటెంటు తీసుకున్నాడు. ఇనుముకు కర్బన వాయువు పట్టించి ఉక్కు చేసే పద్ధతికి మాకింతోష్ 1825లో తీసుకున్నాడు. ఈ రెండు పద్ధతులనూ హిందువుల కమ్మరి ఒకే మూసలో, ఎప్పటినుంచో చేస్తున్నాడని హీత్ ఎత్తిచూపాడు. తంగేడు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో పేర్చేటప్పుడు దాని పుల్లకు ఇంతటి ఉద్యోగం ఉండేదని ఎవరికీ గుర్తుండదు.

తెలంగాణ మాట వచ్చింది కాబట్టి కోనసముద్రం చూడకుండా వెనక్కి రాలేం. నిజామాబాద్ జిల్లాలోని ఈ ఊళ్లో ఉక్కు తయారీని, మహా త్రికోణమితి సర్వేలో పనిచేసిన వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ వర్ణించాడు. ఆయన 1824లో చనిపోయాడు, రాత 1832లో అచ్చయింది. ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు ఇస్ఫహాన్ నుంచి ఇంత దూరం వచ్చి కూర్చునేవారు. వేర్వేరు ఊళ్ల ఇనుమును పాళ్లు చూసి కలిపేవారు. ఏ ఊరి రాయి ఎంత కలిపితే ఏ ఉక్కు వస్తుందో ఆ కమ్మరికి తెలుసు. ఇవాళ ఏ ఉక్కు కర్మాగారంలోనైనా ముడిసరుకు విభాగం చేసే పని అదే.

కోనసముద్రం మూసల్లో అసలు కిటుకు ఊక. మట్టిలో వడ్ల ఊక దండిగా కలిపేవారు. ఊక కాలితే బరువులో అయిదో వంతు బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో తొంభై పాళ్లు సిలికా. గాలి తగలని చోట ఊక పూర్తిగా కాలకుండా మాడిపోతుంది. అప్పుడు సిలికా అస్థిపంజరం, దాని చుట్టూ బొగ్గు, రెండూ మట్టి గోడలో ఇమిడిపోతాయి. బొగ్గు ఉండటం వల్ల గోడ లోపలి ఇనుము తుప్పు పట్టదు. సిలికా ఉండటం వల్ల గోడ జారిపోదు. థెల్మా లో అనే అమెరికా పరిశోధకురాలు ఈ మూస ముక్కల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, ఇది యథాలాపంగా కలిపిన మట్టి కాదని తేల్చింది. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన గిలియన్ జూలెఫ్, బెంగళూరుకు చెందిన శారదా శ్రీనివాసన్ బృందం ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి చిట్టెం కుప్పలు నమోదు చేసుకుంది. హైదరాబాదు చరిత్రకారుడు ఎస్. జైకిషన్ అంతకుముందు నుంచే ఈ ఊళ్లు గాలిస్తున్నారు.

ఊక కథ అక్కడితో అయిపోలేదు. ఇవాళ్టి ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కును అచ్చుల్లోకి వదిలే తొట్టి పైన ఒక నల్లని పొడి చల్లుతారు. అది వేడి పోకుండా కంబళిలా కాస్తుంది. చాలాచోట్ల ఆ పొడి వడ్ల ఊక బూడిదే.

కమ్మరి కొడుకు లెక్క తప్పిన చోట

విద్యుత్తు పితామహుడు మైకేల్ ఫారడే తండ్రి కమ్మరి. 1819లో ఫారడే ఈ దక్షిణాది ఉక్కును విశ్లేషించి, అందులో అల్యూమినా, సిలికా జాడలు చూసి, మహిమంతా వాటిదే అనుకున్నాడు. ఆ తర్వాత వెండి, ప్లాటినం లాంటివి కలిపి ఉక్కులు చేసి చూశాడు. కిటుకు కర్బనంలోనూ, నెమ్మదిగా చల్లార్చడంలోనూ ఉందని తర్వాతివాళ్లు తేల్చారు. అయినా మిశ్రమ ఉక్కుల పరిశోధనకు ఆ పొరపాటే నాంది.

ఒకే మనిషి: పచ్చలు, గబ్బిలం, మాంగనీసు

పైన చెప్పిన హీత్ గారి జాతకం ఒక్క శీర్షికలో ఇమడదు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా సేలంలో వాణిజ్య రెసిడెంటుగా ఉన్నాడు. 1819–20 ప్రాంతంలో కోయంబత్తూరు జిల్లా కాంగేయం దగ్గర పడియూరులో నీలిపచ్చ బెరిల్ రాళ్లు తవ్వించాడు. జంతువుల నమూనాలు సేకరించాడు. మన దేశంలో అంతటా కనిపించే పెద్ద పసుపు గబ్బిలానికి 1831లో హార్స్‌ఫీల్డ్ పెట్టిన శాస్త్రనామంలో ఉన్నది ఈయన పేరే.

ఆ తర్వాత ఉద్యోగం వదిలి 1830లో పోర్టోనోవోలో, అంటే నేటి పరంగిపేటలో, ఇనుప కర్మాగారం పెట్టాడు. సేలం ఇనుప రాయి, కట్టె బొగ్గు, తీరం పక్కన కొలిమి. అడవి ఎంత పెద్దదైనా కొలిమి ఆకలి ముందు నిలవదు. బొగ్గుల కోసం చెట్లు కొట్టే దూరం పెరిగేకొద్దీ లెక్కలు తప్పాయి. కర్మాగారం చేతులు మారి, 1860ల నాటికి మూతపడింది.

హీత్ ఇంగ్లండు వెళ్లి 1839లో ఒక పేటెంటు తీసుకున్నాడు. మూసలో మాంగనీసు కర్బన సమ్మేళనం కొంచెం వేస్తే నాసిరకం ఇనుము కూడా మంచి ఉక్కవుతుందన్నది దాని సారం. ఇది షెఫీల్డ్ నగరాన్ని మార్చేసింది. ఖరీదైన స్వీడన్ ఇనుము మీద ఆధారపడటం తగ్గింది, ధర పడిపోయింది. హీత్‌కు మాత్రం చిల్లిగవ్వ మిగల్లేదు. మాంగనీసునూ కర్బనాన్నీ విడివిడిగా మూసలో వేసి, పేటెంటు మాకు వర్తించదని తయారీదారులు వాదించారు. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి ఆయన 1851లో పోయాడు. వ్యాజ్యం 1855 దాకా నడిచింది.

సుద్ద లేని సుద్దకొండలు

సేలం ఊరి బయట, ఏర్కాడు కొండల పాదాల దగ్గర, తెల్లటి గుట్టలున్నాయి. ఇంగ్లీషు దొరలు వాటికి సుద్దకొండలని పేరు పెట్టారు. వాటిలో సుద్ద పిసరంత లేదు. అది మాగ్నసైట్, మెగ్నీషియం కార్బొనేటు. నల్లటి రాతిలో తెల్లటి నరాల్లా అల్లుకుని ఉంటుంది. అదే గుట్టల్లో క్రోమైట్ కూడా ఉంది. దాని జోలికి కూడా హీత్ వెళ్లాడు.

దేశంలో ఏ రైలు స్టేషనుకైనా కొలిమి ఇటుకల ముడిసరుకు పేరుందా అంటే ఉంది. సేలం పక్కనే మాగ్నసైట్ జంక్షన్. ఊరి పేరూ కాదు, దేవుడి పేరూ కాదు, రాయి పేరు. చెన్నై నుంచి కోయంబత్తూరు పోయే రైళ్లు దాన్ని దాటుకునే వెళతాయి.

ఆ రాతిని కాలిస్తే ఏమవుతుంది? వంద కిలోలు కాలిస్తే యాభై రెండు కిలోలు బొగ్గుపులుసు గాలిగా పోతుంది. మిగిలిన నలభై ఎనిమిది కిలోలు మెగ్నీషియా. దాన్ని మళ్లీ 1,700 డిగ్రీల దాకా మాడిస్తే తేమకు చెక్కుచెదరని గట్టి గుళ్లవుతుంది. ఇది కరగాలంటే దాదాపు 2,850 డిగ్రీలు కావాలి. కరిగిన ఉక్కు వేడి 1,650 డిగ్రీలకు అటూ ఇటూ. మధ్యలో పన్నెండు వందల డిగ్రీల ధీమా.

వేడి ఒక్కటే అయితే ఇసుకరాతి ఇటుకలతోనూ సరిపెట్టుకోవచ్చు. అసలు శత్రువు చిట్టెం. ఇనుప రాతిలో భాస్వరం ఉంటే ఉక్కు చలికి పెళుసై విరుగుతుంది. భాస్వరాన్ని లాగాలంటే సున్నం వేయాలి. సున్నం వేస్తే పుట్టే క్షార చిట్టెం సిలికా ఇటుకను తినేస్తుంది. 1870ల దాకా యూరప్ ఇంజనీర్లు ఈ ముడి విప్పలేక, భాస్వరం ఉన్న ఖనిజాన్ని పక్కన పడేశారు. విప్పినవాడు ఇంజనీరు కాదు, లండన్ పోలీసు కోర్టులో గుమాస్తా. పేరు సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్. పగలు కోర్టు కాగితాలు, రాత్రి రసాయన శాస్త్రం. వేల్స్‌లో రసాయనికుడిగా ఉన్న మేనమామ కొడుకు పెర్సీ గిల్‌క్రిస్ట్ సాయంతో కొలిమికి డోలమైట్, మెగ్నీషియా జాతి క్షార ఇటుక వేసి చూశాడు. 1879 ఏప్రిల్‌లో మిడిల్స్‌బరోలో అందరి ఎదుటా నెగ్గించి చూపాడు. భాస్వరం అంతా చిట్టెంలోకి పోయింది, ఆ చిట్టెం పొడి పొలాలకు ఎరువైంది. థామస్ ముప్పై నాలుగేళ్లకే, 1885లో చనిపోయాడు. సేలం తెల్లరాయికి ప్రపంచ విపణిలో గిరాకీ పుట్టించినది ఆ గుమాస్తానే అని నా అభిప్రాయం.

ఒక్క చిక్కుంది. సేలం రాతిలో సిలికా పాలు కాస్త ఎక్కువ. ఉక్కు తయారుచేసే పెద్ద కన్వర్టర్ల ఇటుకలకు చాలావరకు చైనా నుంచో, సముద్రం నుంచో వచ్చిన మెగ్నీషియానే వాడతారు. సముద్రం అన్నది నిజంగానే. ఉప్పునీళ్లలో సున్నం కలిపితే మెగ్నీషియం అడుగుకు దిగుతుంది. ఒక్క టన్ను మెగ్నీషియాకు కనీసం నాలుగున్నర లక్షల లీటర్ల సముద్రపు నీరు కావాలి. ఇలాంటి ఫ్యాక్టరీ, బిర్లా పెరిక్లేజ్, ఒకప్పుడు విశాఖ ప్రాంతపు తీరంలో నడిచింది. ఇప్పుడు లేదు.

కొండ కింద ఉక్కు, కొండలోది కాదు

సేలం కంజమలై ఇనుప కొండ. రాయిలో ఇనుము పాలు సుమారు 35 శాతం. బస్తర్ బైలదీలా గనుల్లో 65 శాతం దాటుతుంది. ఈ తేడాయే రెండు ఊళ్ల తలరాత రాసింది. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ దక్షిణాదికి మూడు ఉక్కు కర్మాగారాలు ప్రకటించారు: సేలం, విశాఖపట్నం, విజయనగర (హోస్పేట). కంజమలై పాదాల దగ్గర సేలం కర్మాగారం వచ్చింది, 1981లో స్టెయిన్‌లెస్ రేకులు చుట్టడం మొదలుపెట్టింది. పక్కనున్న కొండను ముట్టుకోనే లేదు. వేరేచోటి ఉక్కు చుట్టలు తెచ్చి పలచన చేసేది. 2010లో సొంత కరుగుశాల పెట్టాక కూడా వేసేది తుక్కు, ఫెర్రోక్రోమ్. ఇనుప కొండ నీడలో ఉంటూ ఇనుప రాయి వాడని ఉక్కు కర్మాగారం ఇంకోటి ఉంటే పాఠకులు చెప్పాలి.

చల్లారనివ్వకూడని పొయ్యి

విశాఖ ఉక్కు దేశంలో సముద్రం ఒడ్డున కట్టిన తొలి సమగ్ర ఉక్కు కర్మాగారం. దాని కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. మొదటి రెండూ 3,200 ఘనపు మీటర్లతో మొదలైనవి, మూడోది 3,800. ఘనమైనవే, కానీ కొలతల పోటీలో ప్రపంచం ఇంకా ముందుకు పోయింది. దక్షిణ కొరియాలోని గ్వాంగ్యాంగ్ మొదటి కొలిమి 6,000 ఘనపు మీటర్లు. మన దేశంలో 2024లో కళింగనగర్‌లో టాటా వెలిగించినది 5,870.

ఇలాంటి కొలిమి దారిలో టన్ను ఉక్కుకు సగటున 1,370 కిలోల ఇనుప రాయి, 780 కిలోల బొగ్గు, 270 కిలోల సున్నపురాయి, 125 కిలోల తుక్కు పడతాయి. విశాఖకు రాయి బైలదీలా నుంచి, సున్నపురాయి జగ్గయ్యపేట నుంచి, డోలమైట్ ఖమ్మం వైపు మాధారం నుంచి, మాంగనీసు గర్భాం నుంచి. బైలదీలా రాయిని మోసే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం 1960లలో వేసింది జపాన్‌కు ఖనిజం ఎగుమతి చేయడానికి. దాని మీదున్న శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున, చాలాకాలం దేశంలో అత్యంత ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషనుగా పేరు మోసింది. అరకు చూడటానికి పోయేవాళ్లు ఎక్కే రైలు, ఉక్కు ముడిసరుకు కోసం వేసిన పట్టాల మీద పోతుంది.

వింతల్లో వింత మాత్రం రాతిబొగ్గును కోక్‌గా మార్చే పొయ్యిలు. విశాఖలో అవి ఏడు మీటర్ల ఎత్తు. గోడలు సిలికా ఇటుకలవి. సిలికాకు ఒక చెడ్డ గుణం ఉంది. వేడిలో దిట్టంగా ఉంటుంది, చల్లారేటప్పుడు ఒక హద్దు దాటగానే హఠాత్తుగా కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. కాబట్టి ఈ పొయ్యిల్ని మొదటిసారి వేడెక్కించడానికి నెలలు పడుతుంది. ఒకసారి వెలిగించాక ఆర్పడమంటూ ఉండదు. కర్మాగారానికి నష్టం వచ్చినా, బొగ్గు ఓడ ఆలస్యమైనా, సమ్మె జరిగినా పొయ్యికి సెగ తగులుతూనే ఉండాలి.

రాయీ లేదు, బొగ్గూ లేదు, ఫౌండ్రీలు మాత్రం వందలు

కోయంబత్తూరుకు ఇనుప గని లేదు, బొగ్గు గని లేదు, రేవు లేదు. ఉన్నది పత్తి, 1930ల తొలినాళ్లలో పైకారా జలపాతం నుంచి వచ్చిన కరెంటు, లోతు బావులు. బావికి పంపు కావాలి, పంపుకు మోటారు, రెండింటికీ పోత ఇనుప గుల్ల. పంపుల ఊరన్న పేరు వచ్చింది అలాగే.

ఈ పనిలో ముందు నడిచినవాళ్లలో తెలుగు నాయుళ్లు చాలామంది. పి.ఎస్. గోవిందస్వామి నాయుడి కొడుకులు 1926లో పి.ఎస్.జి. ధర్మసంస్థ పెట్టి, దానితోపాటు పారిశ్రామిక శిక్షణాలయం నడిపారు. 1951లో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది, ఫ్యాక్టరీ పక్కనే. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి దేశంలో మొదటి స్వదేశీ ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. బాలసుందరం తర్వాత టెక్స్‌టూల్ కంపెనీ స్థాపించారు. కలంగల్ అనే పల్లెలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు పెద్దగా చదువుకోలేదు. బస్సులు నడిపి, రేజరు నుంచి రేడియో దాకా చేతికందినదల్లా విప్పి మళ్లీ చేశాడు.

ఫౌండ్రీలో జనం చూసేది ఎర్రగా జారే లోహాన్ని. మేస్త్రీ చూసేది లైనింగును, అంటే కొలిమి లోపలి గోడను. పాత కుపోలా కొలిమికి లోపల ఫైర్ బ్రిక్ పేర్చి, దుక్క ఇనుము, తుక్కు, కోక్, సున్నపురాయి వరసలుగా వేసేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఇండక్షన్ ఫర్నేస్. ఇందులో ఇటుకే ఉండదు. పలుగురాతి పొడిలో ఒక శాతం అటూ ఇటూ బోరిక్ ఆసిడ్ కలిపిన ర్యామింగ్ మాస్ ఉంటుంది. రాగి చుట్ట లోపల ఒక పలచని రేకు డబ్బా నిలబెట్టి, దానికీ చుట్టకూ మధ్య ఈ పొడిని వేసి దట్టిస్తారు. తర్వాత నిదానంగా వేడెక్కిస్తారు. తొందరపడితే కుదరదు. 573 డిగ్రీల దగ్గర పలుగురాయి ఒక్కసారిగా ఉబ్బుతుంది, అక్కడ ఓపిక పట్టాలి. మొదటి హీట్‌లో (మొదటి విడత కరిగింపులో) ఆ రేకు డబ్బా కరిగి ఇనుములో కలిసిపోతుంది. దాని ఆకారం మాత్రం గోడలో ఉండిపోతుంది.

లైనింగులో లోపలి పొర గాజులా కరుచుకుంటుంది, మధ్య పొర సగం గట్టిపడుతుంది, బయటి పొర ఉత్త పొడిగానే ఉండిపోతుంది. అది లోపం కాదు. లోపలి పొర పగిలి లోహం బయటికి చొరబడితే, ఆ పొడి అక్కడే కరుచుకుని దారి మూసేస్తుంది. మూయకపోతే సంగతి వేరు. గోడకు ఇవతల 1,500 డిగ్రీల లోహం, అవతల నీళ్లు పారే రాగి గొట్టం, మధ్యలో జానెడు కూడా లేని ఇసుక. లోహం నీళ్లను తాకితే ఆవిరి పేలుతుంది. అందుకే చుట్టకు ఎర్త్ లీకేజీ కనిపెట్టే పరికరం కట్టి ఉంచుతారు. మోటారు మీద కంపెనీ పేరు చదువుతాం కానీ, ఆ గుల్ల వెనుక ఇలాంటి రోజువారీ జూదం ఉందని తోచదు.

భద్రావతి: అడవిని ముడిసరుకు చేసినచోట

దేశమంతా రాతిబొగ్గు వైపు పోతుంటే మైసూరు సంస్థానం 1923లో భద్రావతిలో కట్టె బొగ్గు కొలిమి వెలిగించింది. వెనకున్నది మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఇంటిపేరే చెప్పినట్టు, పూర్వీకులది పాత ప్రకాశం జిల్లాలోని మోక్షగుండం. కట్టెను మూసిన పాత్రల్లో కాల్చి బొగ్గుతోపాటు తారు, రసాయనాలు కూడా రాబట్టేవారు. హీత్ పోర్టోనోవోలో గాలికి వదిలేసిన లాభం ఇక్కడ సీసాల్లోకి ఎక్కింది.

మదురై పక్క నల్ల రేకులు

తిరుమల నాయకుడి మహలు చూసినవాళ్లు సాధారణంగా రామేశ్వరం వైపు సాగిపోతారు. దారికి కొంచెం పక్కగా శివగంగ. అక్కడి నేలలో గ్రాఫైట్ ఉంది, పెన్సిల్లో ఉండే నల్లపదార్థమే. తమిళనాడు ఖనిజ సంస్థ దాన్ని తవ్వి శుద్ధి చేస్తుంది. రాతిలో కర్బనం పదిహేను శాతం లోపే, అయినా రేకులు రేకులుగా ఉంటుంది కాబట్టి విలువైనది. గ్రాఫైట్ మామూలు గాలి పీడనంలో కరగదు, సుమారు 3,600 డిగ్రీల దగ్గర నేరుగా ఆవిరవుతుంది. కరిగిన చిట్టెం దానికి అంటుకోదు, తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుంది. ఈ గుణం చూసే మెగ్నీషియాలో గ్రాఫైట్ రేకులు కలిపి కన్వర్టర్ ఇటుకలు చేస్తారు. మెగ్నీషియా వేడిని ఓర్చుకుంటుంది, గ్రాఫైట్ చిట్టాన్ని దగ్గరికి రానివ్వదు.

ఈ ఇటుకల మీద ఇంకో ఉపాయం 1990లలో అమెరికాలో బాగా నలిగి, అందరికీ పాకింది. ఉక్కు దింపాక కన్వర్టర్‌లో కొంత చిట్టెం ఉంచి, దాని మీదికి నైట్రోజన్ గట్టిగా ఊదుతారు. చిట్టెం చిమ్మి గోడలకు పూతలా అతుక్కుంటుంది. ఇటుకను తినవలసిన శత్రువే దానికి కవచమవుతుంది. వందల హీట్లకే అరిగిపోయే లైనింగులు వేల హీట్లు నిలుస్తున్నాయి.

మాగ్నసైట్ సేలంలో, గ్రాఫైట్ శివగంగలో. రెండూ ఒకప్పటి మదురై నాయకుల రాజ్యంలోవే. వాళ్లు కోటలకు మట్టి, సున్నం వాడుకున్నారు. కాళ్లకింది ఈ రెండు రాళ్లతో వాళ్లకు పని పడలేదు.

తిరుప్పాచ్చేత్తి కొడవళ్లు

మదురై–రామేశ్వరం దారిలో తిరుప్పాచ్చేత్తి ఊరు వంకర కొడవళ్లకు ప్రసిద్ధి. తమిళ సినిమాల్లో ఆ పేరు వినపడితే కొట్లాట మొదలైనట్టే. అక్కడి కమ్మరులు కొత్త ఉక్కు కోసం గనుల వైపు చూడరు. పాత లారీల కమాన్లు తెచ్చి కాల్చి సాగదీస్తారు. లారీ కమానుకు వాడే ఉక్కులో సిలికాన్, మాంగనీసు ముందే పాళ్లు చూసి కలిపి ఉంటాయి. హీత్‌కు రూపాయి ఇవ్వని మాంగనీసు అదే. కమ్మరికి మిగిలే పని వేడి పట్టించడం, సుత్తి దెబ్బ, సరైన రంగు చూసి నీళ్లలో ముంచడం.